పక్కా ఇల్లే... కానీ పెచ్చులూడుతోంది!

కుట్టుమిషను మీద గొడుగు కట్టుకుని జాకెట్లు కుట్టే మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. రెండు వానాకాలాలు అలాగే నెట్టుకొచ్చాను. మిషను పక్కకు జరిపితే మంచం తడుస్తుంది. మంచం జరిపితే బియ్యం డబ్బా తడుస్తుంది. ఉన్న ఒక్క గదిలో ఎన్నని జరుపుతాం? చివరికి మంచం పక్కన బేసిన, గుమ్మం దగ్గర బొక్కెన, పొయ్యి పక్కన సత్తు తపేలా పెట్టుకుని, రాత్రి ఒంటిగంటకోసారి, మూడింటికోసారి లేచి పారబోసుకునేవాళ్లం. చుక్కలు పడే చప్పుడుకి నిద్ర పట్టడం అలవాటైపోయింది. చప్పుడు మారితేనే మెలకువ వచ్చేది. మారిందంటే బొక్కెన నిండిందన్నమాట!

నీళ్లదేముంది, తుడుచుకోవచ్చు. 2023 ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం చపాతీ పీటంత పెచ్చు స్లాబులోంచి ఊడి మా అమ్మాయి తలగడ మీద పడింది. పిల్ల మంచినీళ్ల కోసం అప్పుడే లేచింది. చేతిలో గ్లాసుతో అలాగే నిలబడిపోయింది. నేను మాత్రం పైకి చూశాను. ఊడిన చోట ఇనప ఊచలు ఎర్రగా, పుండులో ఎముకల్లా కనిపించాయి.

ఆ రోజునుంచి మొదలైంది నా తిరుగుడు. ఇల్లు బాగుచేసుకోవడానికి ప్రభుత్వం డబ్బిస్తుందా, ఇస్తే ఎవరికిస్తుంది, ఏ కిటికీ దగ్గర నిలబడాలి? తొమ్మిది నెలలు తిరిగి తెలుసుకున్నది మీకు చెబుదామనే ఇది రాస్తున్నాను. నాలాంటి ఇల్లు మీకు లేకపోయినా, మీ ఇంట్లో అంట్లు తోమే ఆవిడకో, మీ పిన్నికో ఉండే ఉంటుంది.

ఉప్పుగాలి తిన్న ఇల్లు

మాది బాపట్ల తీరంలో ఒక చిన్న మునిసిపాలిటీ. ఊరి పేరు, ఆఫీసు పేరు వద్దులెండి. మళ్లీ అక్కడికే వెళ్లాల్సినదాన్ని! మా కాలనీ ఇళ్లు 1987లో బలహీన వర్గాల గృహనిర్మాణం కింద కట్టినవి. ఒక గది, వంటకి ఓ వార, ముందు చిన్న అరుగు. గృహనిర్మాణ సంస్థ కొంత ఇచ్చింది, కొంత అప్పు. మా అత్తగారు ఇటుకలు మోసి, మట్టి తొక్కి కట్టించుకున్నారు. గోడ మీద నీలం రంగుతో ఆవిడ పేరు, లబ్ధిదారు నంబరు ఇప్పటికీ ఉన్నాయి.

మేస్త్రిని పిలిస్తే కర్రతో స్లాబంతా తట్టి చూశాడు. కొన్నిచోట్ల "టక్" మంది, కొన్నిచోట్ల డొల్లగా "డబ్" మంది. "డబ్ అన్న చోటల్లా ఇవాళో రేపో ఊడుతుందమ్మా" అన్నాడు. సముద్రం గాలిలో ఉప్పు, ఆనాడు కాంక్రీటులో కలిపిన నీళ్లలో ఉప్పు. పైన నీళ్లు నిలబడి లోపలికి దిగితే ఊచకు తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీటుని తోసేస్తుంది. అదీ పెచ్చు ఊడటం వెనకున్న కథ. మొత్తం బాగుచేయాలంటే లక్షా పదివేలు అవుతుందన్నాడు. నెలంతా మిషను తొక్కితే నాకు మిగిలేది తొమ్మిది వేలు. 2017లో మావారు పోయినప్పటినుంచి అదే మా ఇంటికి ఆధారం.

"గవర్నమెంటు ఇస్తోందటగా, వెళ్లి అడగరాదూ!" అంది పక్కింటక్క. అడగనిదే అమ్మయినా పెట్టదు కదా అని బయల్దేరాను.

"మీది పక్కా ఇల్లమ్మా!"

మొదటి కిటికీ మునిసిపాలిటీలో ఇళ్ల విభాగం. అక్కడున్నాయన మర్యాదగానే మాట్లాడాడు, ఆ మాట చెప్పాలి. నా ఫోనులో ఫొటోలన్నీ చూశాడు. "స్లాబు ఇల్లే కదమ్మా? అయితే పక్కా ఇల్లు. మీకు రాదు" అన్నాడు.

"పక్కా ఇల్లయితే నెత్తిన ఎందుకు పడుతోందండీ?" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఓపిగ్గా చెప్పాడు. పథకాలన్నీ ఇల్లు లేనివాళ్లకి, గుడిసె ఉన్నవాళ్లకి. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేదని రాసిస్తేనే అర్హత. మీ ఇల్లు ఎంత పాడైనా కాగితం మీద అది ఇల్లే.

కాలనీలో ఉన్నవాళ్లకి ఒక దారి మాత్రం కొన్నాళ్లు ఉండేదట. 2015 జూన్‌లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉండి సొంత స్థలం ఉన్నవాళ్లకి కేంద్రం లక్షన్నర ఇచ్చేది. కొత్త ఇల్లు కట్టుకోవడానికే కాదు, ఉన్న ఇంటిని పెంచుకోవడానికీ. పెంచడమంటే ఏమిటి? కనీసం 9 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో 97 చదరపు అడుగుల దాకా, కొత్తగా కట్టాలి. ఒక గదో, గదితోపాటు వంటిల్లో, స్నానాలగదో, మరుగుదొడ్డో ఉండాలి. కారే స్లాబుకి అతుకు వేసుకుంటానంటే కుదరదు. అయినా ఆ తొమ్మిది మీటర్ల గది మాకుంటే పిల్లలు అందులో పడుకునేవాళ్లు, పాత గదిని మెల్లగా చూసుకునేదాన్ని.

"ఇప్పుడు పెట్టుకోవచ్చాండీ?" అన్నాను ఆశగా. ఆ పథకం కింద కొత్త మంజూరులు 2022 మార్చితోనే ఆగిపోయాయట! అప్పటికే మంజూరైన ఇళ్లు పూర్తిచేయడానికి మాత్రం గడువు పెంచారు. నేను వెళ్లింది 2023 సెప్టెంబరులో.

ఆ తర్వాత 2024 సెప్టెంబరులో అదే పథకం రెండో విడత మొదలైంది. రెండున్నర లక్షల దాకా సాయం. వితంతువులకు, ఒంటరి మహిళలకు ప్రాధాన్యం. వినడానికి బాగుంది. కానీ అదీ పక్కా ఇల్లు లేని కుటుంబానికి, సొంత ఖాళీ స్థలంలో కొత్త ఇంటికి. పక్కనున్న తెలంగాణలో 2024 మార్చిలో భద్రాచలంలో మొదలుపెట్టిన ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షలిస్తున్నారు. ఇంటావిడ పేరునే మంజూరు చేస్తారు. అదీ కొత్త ఇల్లే.

పూర్వం పల్లెల్లో ఇలా ఉండేది కాదు. మా అత్తగారి చెల్లెలికి 2005లో తాటాకు కప్పు తీసేసి రేకులు వేయించుకోవడానికి 12,500 వచ్చాయి. ఇందిరా ఆవాస్ యోజన డబ్బు. 1999 నుంచి ఆ పథకం నిధుల్లో నూటికి ఇరవై వంతులు పాత కచ్చా ఇళ్లను బాగుచేయడానికే తీసిపెట్టేవాళ్లు. మొదట ఇంటికి 10,000, 2004 నుంచి 12,500, 2008 నుంచి 15,000. చిన్న మొత్తమే, కానీ ఆవిడ ఆ రేకుల కిందే ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు చేసింది. 2016లో దాని స్థానంలో వచ్చిన గ్రామీణ ఆవాస్ యోజనలో ఇంటికి లక్షా ఇరవై వేలిస్తారు. 25 చదరపు మీటర్ల కొత్త ఇల్లు కట్టాలి. బాగుచేసుకునేవాళ్ల వాటా మాత్రం పోయింది.

కొత్త ఇంటికైతే శంకుస్థాపన ఉంటుంది, ఫొటో ఉంటుంది, తాళంచెవి చేతిలో పెట్టడం ఉంటుంది. పాత స్లాబుకి మాట్లు వేస్తే ఫొటో ఏం దిగుతారు? ఇది నా అక్కసు అనుకోండి, పోనీ.

తుపాను లెక్క వేరు

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి మేం బడిలో తలదాచుకున్నాం. తెల్లారి వచ్చి చూస్తే పడమటి వైపు పిట్టగోడ కింద పడి ఉంది. కిటికీ మీద సజ్జ సగం విరిగి ఊచలకు వేలాడుతోంది.

"దెబ్బతిన్న ఇళ్లు రాసుకుంటున్నారు, వెళ్లు వెళ్లు" అన్నారందరూ. రెండో కిటికీ అన్నమాట.

ఇదొక్కటే నిజానికి పాత ఇంటి మరమ్మతుకి ప్రభుత్వం ఇచ్చే డబ్బు. విపత్తు సహాయ నిధి నుంచి ఇస్తారు. 2022-26 కాలానికి పెట్టిన లెక్క ఇదీ: పక్కా ఇల్లు పూర్తిగా కూలినా, తీవ్రంగా దెబ్బతిన్నా మైదాన ప్రాంతంలో లక్షా ఇరవై వేలు. కొంత దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. గుడిసె పోతే 8,000. గొడ్లపాకకి 3,000. "కొంత" అంటే ఇంట్లో నూటికి పదిహేను వంతులైనా దెబ్బతిని ఉండాలి. దానికిముందు 2015-20 కాలంలో పక్కా ఇంటికి ఇచ్చింది 5,200.

6,500 అంటే మా ఊళ్లో ఒక మేస్త్రికీ ఇద్దరు కూలీలకీ మూడు రోజుల కూలి. సిమెంటు, ఇసుక మీ పాట్లు. అయినా వస్తే పిట్టగోడ లేచేది కదా!

వార్డు సచివాలయం నుంచి ఒకబ్బాయి వచ్చాడు. మా తమ్ముడంత ఉంటాడు. ఫొటోలు తీసుకున్నాడు, టేపుతో కొలిచాడు. తర్వాత పైకి చూసి, "అక్కా, ఈ స్లాబు తుపానుకి పోయిందా, పాతబడి పోయిందా?" అని అడిగాడు.

అబద్ధం చెప్పొచ్చు. కాలనీలో చెప్పినవాళ్లూ ఉన్నారు, వాళ్లని తప్పు పట్టను. నేను మాత్రం పిట్టగోడ, సజ్జ తుపానుకి పోయాయి, స్లాబు పాతదే అని చెప్పాను. ఆ అబ్బాయి కాసేపు పెన్ను పట్టుకుని ఆలోచించి, పిట్టగోడా సజ్జా కలిపి పదిహేను వంతులు దాటినట్టు రాసుకున్నాడు. ఇంటి పన్ను రసీదు అడిగి పేరు చూసి రాసుకున్నాడు.

పది రోజుల తర్వాత సచివాలయం గోడకి జాబితా అంటించారు. మా ఇంటి నంబరు ఉంది. పక్కన మా అత్తగారి పేరు. డబ్బు నేరుగా ఆ పేరున్నవాళ్ల బ్యాంకు ఖాతాలో పడాలి. మా అత్తగారు 2022 అక్టోబరులో పోయారు. ఖాతా మూసేశాం. జాబితాలో ఆవిడ ఉన్నారు, బ్యాంకులో లేరు, భూమ్మీదే లేరు.

"పేరు మార్పించుకురా అక్కా, మళ్లీ పంపిస్తాను" అన్నాడా అబ్బాయి. ఎవరి పేరుకి మార్చాలి? నా పేరుకే కదా అనుకున్నాను, అమాయకురాల్ని!

కోడలికి వాటా ఎంత?

నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే లాయరమ్మ ఒకావిడ ఉన్నారు. కాగితాలన్నీ సంచిలో వేసుకుని వెళ్లాను. 1987 నాటి పట్టా మా అత్తగారి పేర. 2021 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం సంపూర్ణ గృహ హక్కు అని ఒక పథకం పెట్టింది. గృహనిర్మాణ సంస్థ దగ్గర పాత అప్పున్నవాళ్లు పల్లెల్లో 10,000, మునిసిపాలిటీల్లో 15,000, కార్పొరేషన్లలో 20,000 కడితే బాకీ రద్దుచేసి ఇల్లు రిజిస్టరు చేసిస్తామన్నారు. నా గాజులు తాకట్టు పెట్టి ఆ పదిహేను వేలూ కట్టాం. దస్తావేజు వచ్చింది. అదీ మా అత్తగారి పేరే. ఆవిడే లబ్ధిదారు మరి.

లాయరమ్మ అన్నీ చూసి అడిగింది: "మీవారు ముందు పోయారా, అత్తగారు ముందు పోయారా?"

"మావారేనండీ. ఐదేళ్ల ముందు."

"అత్తగారు వీలునామా రాశారా?"

"లేదండీ."

ఆవిడ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. "అయితే ఈ ఇంట్లో నీకు వాటా లేదమ్మా" అంది.

నాకు ఒక్క నిమిషం అర్థం కాలేదు. అత్తగారికి మూడేళ్లు పక్షవాతం. పక్కలో తీసి, పక్కలో పెట్టి చేశాను. పదిహేను వేలూ నావి. ఇరవై రెండేళ్లుగా ఆ గడప కడుగుతున్నాను. వాటా లేదా?

చట్టం అలా ఉంది. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆడమనిషి సొంత ఆస్తి, ఆవిడ వీలునామా రాయకుండా పోతే, కొడుకులకి, కూతుళ్లకి, భర్తకి వస్తుంది. కొడుకు ముందే పోతే అతని వాటా అతని పిల్లలకి వెళుతుంది. అతని భార్యకి కాదు. అంటే మా ఇంట్లో సగం మా వదినది, అంటే మావారి అక్కగారిది. మిగతా సగం నా ఇద్దరు పిల్లలది. నాది ఏమీ లేదు.

ఇంకో చిత్రం వినండి. ఇదే ఇల్లు మా మామగారి పేర ఉండి, ఆయన వీలునామా రాయకుండా పోయుంటే, ముందే పోయిన కొడుకు భార్యగా నేనూ వారసురాల్నే! మగవాడి ఆస్తిలో వితంతు కోడలికి మొదటి తరగతి వారసుల్లోనే చోటుంది, ఆడమనిషి ఆస్తిలో లేదు. ఇళ్లు ఆడవాళ్ల పేర ఇవ్వాలన్నది మంచి నిబంధనే, దానివల్లనే మా అత్తగారు ముప్పై అయిదేళ్లు తలెత్తుకుని బతికారు. కానీ ఆ ఇల్లు ఆవిడ చేతిలోంచి మరో ఆడదాని చేతికి రావాలంటే చట్టంలో దారి ఇరుకు. (ఇది హిందూ కుటుంబాల లెక్క. ముస్లింలకి, క్రైస్తవులకి వేరే చట్టాలు, వేరే లెక్కలు.)

"ఒక్క కాగితం రాసి ఉంటే పోయేది" అంది లాయరమ్మ. వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషను కూడా తప్పనిసరి కాదు. రాసినావిడ సంతకమో వేలిముద్రో, దాన్ని చూసిన ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు. రిజిస్టరు చేయిస్తే తర్వాత గొడవ తక్కువ. మా అత్తగారితో రోజూ కూరలో ఉప్పు గురించి మాట్లాడాను, ఈ మాట మాత్రం అడగలేదు. అడిగితే "నేనెప్పుడు పోతానా అని చూస్తున్నావా?" అంటారని భయం. మీలో ఎంతమందికి ఆ భయం లేదు, చెప్పండి?

వదిన గడపలో

మా వదినది తెనాలి దగ్గర పల్లె. నేను వెళ్లేసరికి గేదెకి కుడితి పెడుతోంది. "ఏమ్మాయ్, ఇంత పొద్దున్నే వచ్చావేంటి? పిల్లలు బాగున్నారా?" అంది.

దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ మరిచిపోయాను. "వదినా, ఇల్లు పడిపోతోంది. నీ సంతకం కావాలి" అన్నాను, అంతే.

వదిన గోలెం పక్కన పెట్టి చెయ్యి కడుక్కుంది. కాఫీ ఇచ్చింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "అమ్మకి నేనొక్కదాన్నే కూతుర్ని. నా పెళ్లికి అమ్మ ఏం పెట్టిందో నీకు తెలుసు. నీళ్ల బిందె, రెండు చీరలు. ఆ ఇంటి పునాదికి నేనూ మట్టి మోశాను, తొమ్మిదో తరగతి మానేసి. ఇప్పుడు నాకు వాటా ఉందని నీ నోటితో చెప్పి, వద్దని రాసిమ్మంటున్నావు."

నేనేం చెప్పను? ఆవిడన్న దాంట్లో తప్పేముంది? ఆస్తి గొడవల కథల్లో ఆడపడుచు ఎప్పుడూ గయ్యాళే. మా వదిన గయ్యాళి కాదు. అల్లుడికి ఆటో కొనడానికి లక్ష అప్పు చేసిన మనిషి. ఆ వాటా అమ్ముకుంటే వచ్చేది ఆవిడకీ అక్కరే.

"నెల రోజులు ఆగు" అంది. ఆ నెల నాకు తిండి సయించలేదు. మా అబ్బాయి "అత్త ఇవ్వకపోతే ఏం చేస్తాం అమ్మా?" అని అడిగితే కసిరాను.

ఫిబ్రవరి ఆఖర్లో చెప్పకుండా వచ్చింది వదిన. నిచ్చెన వేయించుకుని స్లాబు ఎక్కింది. పగుల్లో మొలిచిన రావిమొక్కని చూసి తిట్టుకుంది. కిందికి దిగి, ఊడిన చోట తలెత్తి చూసి, "దీని కిందేనా పిల్ల పడుకునేది?" అంది. ఆ సాయంత్రం చెప్పింది: "నా వాటా పిల్లలిద్దరికీ రాసిస్తాను. నీకు కాదు, పిల్లలకి."

ఆ మాట గుచ్చుకుంది. అబద్ధమెందుకు, రెండు రోజులు గుచ్చుకుంది. కానీ లాయరమ్మ ఎలాగూ చెప్పింది: మిగతా సగం పిల్లలదే కాబట్టి హక్కు విడుదల దస్తావేజు వాళ్ల పేరునే రాయించడం సులువు అని. మార్చిలో రిజిస్టరైంది. స్టాంపు ఖర్చు, రాతకూలి ఉంటాయి, ముందే కనుక్కుని వెళ్లండి. తర్వాత మునిసిపాలిటీలో పన్ను పేరు మార్పించాం, కరెంటు మీటరు పేరూ మార్పించాం.

సంతకం పెట్టి బయటికొచ్చాక వదిన ఒక్క మాట అడిగింది. "గోడ మీద అమ్మ పేరు మాత్రం సున్నం కొట్టించకు."

మరి తుపాను డబ్బు? కొత్త రసీదు పట్టుకుని సచివాలయానికి వెళ్తే, జాబితా ఎప్పుడో మూసేశారు. ఆ అబ్బాయికి బదిలీ అయింది.

వేరే చోట్ల ఏం చేస్తున్నారు?

మా చెల్లెలు చెన్నైలో ఉంటుంది. "మా వైపు రిపేర్లకే ఇస్తున్నారే!" అంది ఫోనులో. తమిళనాడు ప్రభుత్వం 2024లో పల్లెల్లో, 2000-01కి ముందు ప్రభుత్వ పథకాల కింద కట్టిన పాత ఇళ్లను బాగుచేసే కార్యక్రమం పెట్టింది. అచ్చం మా కాలనీ లాంటి ఇళ్లు! ప్రభుత్వం కట్టించిన ఇల్లు ముప్పై ఏళ్లకి పాతబడుతుందని ఒక ప్రభుత్వం ఒప్పుకోవడమే నాకు వింతగా అనిపించింది.

కేరళలో మైనారిటీ సంక్షేమ శాఖ భర్త పోయిన, విడాకులైన, భర్త వదిలేసిన మైనారిటీ మహిళల ఇళ్ల మరమ్మతుకి 50,000 ఇస్తుంది. తిరిగి కట్టక్కర్లేదు. హర్యానాలో అంబేడ్కర్ పేరుతో ఉన్న పథకం కింద, పదేళ్లు దాటిన ఇంటికి పేద కుటుంబాలకు 80,000. మొదట దళితులకే ఉండేది, తర్వాత దారిద్ర్యరేఖ కింద ఉన్న అందరికీ ఇచ్చారు. ఎనభై వేలంటే మా స్లాబుకి దగ్గర దగ్గర సరిపోయేది.

కాబట్టి కుదరని పనేం కాదు. మన దగ్గర ఎవరూ గట్టిగా అడగలేదు, అంతే. ఇల్లు లేనివాళ్లు ఊరేగింపులు చేస్తారు. ఇల్లు కారేవాళ్లం బొక్కెనలు పెట్టుకుని ఊరుకుంటాం.

చివరికి ఏం చేశామంటే...

మెప్మా కింద మా మహిళా సంఘానికి బ్యాంకు రుణం వచ్చినప్పుడు నా వంతు 50,000 తీసుకున్నాను. ఇరవై నాలుగు వాయిదాలు. చెవి కమ్మలు బ్యాంకులో పెట్టి ఇంకో పన్నెండు వేలు. మొత్తం 62,000. లక్షా పదివేల పనికి అది చాలదు కదా, ఏది ముందు చేయాలి?

"పైకప్పు ముందు, కింద తర్వాత" అన్నాడు మేస్త్రి. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, డబ్బు మిగులుతుంది. చాలామంది కింద పెచ్చులూడిన చోట సిమెంటు మెత్తి రంగు వేయిస్తారు. పైన నీళ్లు దిగుతూనే ఉంటాయి, మరుసటి ఏడాది ఆ మెత్తిందే ఊడి నెత్తిన పడుతుంది. మా స్లాబు మీద నీళ్లు పోయే తూము చుట్టూ పాత గచ్చు ఎత్తుగా ఉండి, నీళ్లు మధ్యలో మడుగు కట్టేవి. ముందు రావిమొక్కని వేళ్లతో సహా పీకించి, పాత గచ్చంతా చెక్కించి, తూము వైపు పది అడుగులకు అంగుళం పైచిలుకు వాలు పెట్టి కొత్త గచ్చు వేశారు. చుట్టూ మట్టి గట్లు కట్టి వారం రోజులు నీళ్లు నిలబెట్టాం. నీళ్లు మోసింది నేనూ పిల్లలూ. కూలి మిగిలింది.

కింద, పిల్లలు పడుకునే సగం మాత్రం చేయించాం. సర్వీ కర్రలు పోటు పెట్టి, డొల్లగా ఉన్నదంతా ఊచల వెనక దాకా చెక్కి, ఇనప బ్రష్షుతో తుప్పు రుద్ది, తుప్పు పట్టకుండా ఉండే రంగు పూసి, సన్నబడిన ఊచల పక్కన కొత్త ఊచలు కట్టి, అప్పుడు పూత పూశారు. ఏ మేస్త్రి అయినా తుప్పు రుద్దకుండా సిమెంటు ఎత్తుకున్నాడంటే చెయ్యి పట్టుకుని ఆపండి.

ఇంకో రెండు పనులు ఇప్పుడు ఏటా చేస్తున్నాను. వానాకాలం ముందు ఇంటి నాలుగు వైపులా, పైనా కిందా ఫోనుతో తేదీతో సహా ఫొటోలు తీసి పెడతాను. రేపు "తుపానుకి పోయిందా, పాతబడి పోయిందా" అంటే చూపించడానికి. ఇంటి పన్ను రసీదు మీద పేరు, ఆధార్‌లో పేరు, బ్యాంకు పుస్తకంలో పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయా అని చూస్తాను. జాబితా అంటించిన రోజే వెళ్లి చదువుతాను, అభ్యంతరం చెప్పడానికి ఇచ్చే గడువు చాలా చిన్నది. కాలనీలో చదువురాని వాళ్లవీ నేనే చదివి పెడుతున్నాను. ఇప్పటికి ఏడు ఇళ్లలో పోయినవాళ్ల పేరే ఉందని తేలింది. ముగ్గురు అత్తగార్లు బతికుండగానే వీలునామా రాశారు. ఒకావిడ మాత్రం "నా కూతురికే రాస్తాను" అని కోడలి ముందే చెప్పింది. ఆవిడ ఇష్టం, ఆవిడ ఇల్లు!

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటినప్పుడు మేం బడికి పోలేదు. తలుపులు బిగించుకుని ఇంట్లోనే ఉన్నాం. గదిలో చుక్క పడలేదు. అమ్మాయి లైటు వేసి రెండుసార్లు పైకి చూసి మళ్లీ పడుకుంది. వంటవార వైపు మాత్రం పని మిగిలే ఉంది కాబట్టి సత్తు తపేలా పెట్టాను. మూడింటికి లేచి పారబోశాను. పొద్దున్నే వదిన ఫోను చేసి, "పిట్టగోడ ఉందా?" అని అడిగింది. ఉందని చెప్పాను.